కల అడగండి, కలతోనే రోగం తేల్చేయకండి

చైనా వైద్యం పేరుతో కలలకు అర్థాలు చెప్పే వీడియోలు చూస్తుంటే ఒళ్లు మండుతోంది. నీళ్లలో మునిగినట్టు కలొస్తే కిడ్నీ బలహీనమట, ఎవరితోనో గొడవపడ్డట్టు వస్తే లివర్ వేడెక్కిందట. ఆ వెంటనే ఒక పొడి అమ్మకం!

చైనా వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌ది నెయ్‌జింగ్’ సుమారు రెండు వేల ఏళ్ల నాటిది. అందులోని లింగ్‌షూ భాగంలో 43వ అధ్యాయమంతా కలల మీదే. ఒంట్లో యిన్ (చల్లదనపు గుణం) ఎక్కువైతే పెద్ద నీళ్లు దాటుతూ భయపడినట్టు, యాంగ్ (వేడి గుణం) ఎక్కువైతే మంటలు చెలరేగినట్టు కలలొస్తాయంటుంది. బాగా ఆకలిగా ఉంటే ఏదో తీసుకున్నట్టు, పొట్ట పగిలేలా తింటే ఎవరికో ఇచ్చినట్టు కలొస్తుందట. ఈ మాట నాకు ఎంతో ఇష్టం. చుట్టూ అందరూ కలల్లో భవిష్యత్తు వెతుక్కుంటున్న కాలంలో ఆ వైద్యులు కలలో ఒంటి సంగతి వెతికారు. మన ఆయుర్వేదంలో సుశ్రుతుడూ అంతే, వాత ప్రకృతి వాళ్లు కలలో ఆకాశంలో తిరుగుతారన్నాడు. చరకుడైతే కలల్ని ఏడు రకాలు చేసి, వాటిలో చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి ఫలితం లేనివని పక్కన పెట్టేశాడు.

అందుకే నాడి, నాలుక చూసే వైద్యుడు నిద్ర గురించీ కలల గురించీ అడిగితే సంతోషమే. మామూలు క్లినిక్‌లో అంత తీరిగ్గా అడిగేదెవరు? కానీ ఫలానా కల వస్తే ఫలానా అవయవం అనే ఆ పట్టికను రోగ నిర్ధారణగా వాడటం తప్పు. ప్రాచీనులు రాశారు కాబట్టి నిజమైపోదు.

దీనివల్ల జరిగే నష్టం చిన్నది కాదు. కలలో ఎవరో తరుముతుంటే నిజంగానే చేతులు విసిరి, పక్కనున్న భార్యను కొట్టేసేవాళ్లున్నారు. 1986లో అమెరికాలోని మిన్నెసోటా డాక్టర్లు దీన్ని ఒక నిద్ర జబ్బుగా వర్ణించారు. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ (చేతులు వణికే జబ్బు) లాంటి మెదడు జబ్బులు వస్తాయి. అలాంటి మనిషికి లివర్ వేడి అని చెప్పి కషాయం ఇచ్చి పంపేస్తే, న్యూరాలజిస్టు దగ్గరికి ఎప్పుడు వెళ్తాడు? బీపీకి వాడే ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలతో పీడకలలు వచ్చేవాళ్లున్నారు. అక్కడ డాక్టరుతో మాట్లాడి మందు సంగతి చూడాలి గానీ ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చడం దేనికి?

చైనా వైద్యం చేసేవాళ్లకు నేను చెప్పేదొకటే. కల ఏమిటో విన్నాక, ఎప్పటినుంచి వస్తోంది, కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు అని కూడా అడగండి. పక్కన పడుకునే మనిషినీ లోపలికి పిలవండి. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా, నిద్రలో కాళ్లు తన్నుతున్నారా అన్నది వాళ్లకే తెలుస్తుంది.