స్త్రీ వాక్యం చెప్పకూడదా? గీత ఎక్కడ గీస్తున్నాం?

క్రైస్తవ సంఘంలో స్త్రీ నిలబడి వాక్యం చెప్పవచ్చా, అంటే బైబిల్ ప్రసంగం చేయవచ్చా అన్న చర్చ మొదలైతే చాలు, "మీకు బైబిల్ అంటే లెక్కలేదు" అని ఒకరంటారు, "మీరింకా పాతకాలంలోనే ఉన్నారు" అని మరొకరంటారు. రెండూ అన్యాయమైన నిందలే. ఇద్దరూ చదివేది బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసిన ఆ పత్రికలే, చదివేదీ భక్తితోనే.

వద్దనేవారి వాదన తీసిపారేసేది కాదు. స్త్రీ ఉపదేశించడానికీ, పురుషుడి మీద అధికారం చేయడానికీ తాను ఒప్పుకోనని మొదటి తిమోతి పత్రిక 2వ అధ్యాయంలో పౌలు సూటిగానే రాశాడు. అప్పట్లో తిమోతి ఉన్న ఎఫెసు సంఘాన్ని అబద్ధ బోధలు పట్టి పీడించాయి కాబట్టి ఆ మాట అక్కడికే పరిమితమని కొందరంటారు. కానీ పౌలు కారణంగా చూపింది ఎఫెసు గొడవల్ని కాదు, దేవుడు ఆదామును ముందు సృష్టించాడన్న సంగతిని. సృష్టి క్రమమే ఆధారమైతే అది అన్ని కాలాలకూ వర్తించదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండానే చాలామంది గలతీ 3:28కి వెళ్లిపోతారు. క్రీస్తులో స్త్రీ పురుష భేదం లేదనే ఆ వచనం గొప్పదే. అయితే పౌలు అక్కడ మాట్లాడుతున్నది రక్షణ గురించి, పుల్పిట్ (ప్రసంగ వేదిక) గురించి కాదు.

వద్దనేవారికి అసలు చిక్కు మొదటి కొరింథు పత్రికలో ఉంది. 14వ అధ్యాయంలో స్త్రీలు సంఘాల్లో మౌనంగా ఉండాలన్న పౌలే, 11వ అధ్యాయంలో స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలన్నాడు. అసలు నోరే తెరవకూడదంటే ముసుగు ప్రస్తావన ఎందుకు? ప్రవచించడమంటే వినేవారికి క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ కలిగేలా మాట్లాడటమని 14:3లో ఆయనే చెప్పాడు. మంచి ప్రసంగం చేసే పని కూడా అదే కదా. కాబట్టి ఆ మౌనం అన్ని మాటలకూ తాళం వేసే మౌనం అయ్యుండదు. లేఖనాల్లో ఆరితేరిన బోధకుడు అపొల్లోకు దేవుని మార్గాన్ని ఇంకా పూర్తిగా వివరించినవారిలో ప్రిస్కిల్ల ఉంది. ఫిలిప్పు నలుగురు కుమార్తెలూ ప్రవచించేవారు. యోహాను సువార్తలో పునరుత్థాన వార్తను శిష్యులకు మోసుకెళ్లింది మగ్దలేనే మరియ.

సంఘాలన్నీ గీత ఒకేచోట గీయలేదు. కాథలిక్ సభ స్త్రీలకు గురుత్వం (ప్రీస్టు పదవి) ఇవ్వదు. 1994లో పోప్ రెండో జాన్ పాల్ ఆ మాటను మళ్లీ ఖరారు చేశారు. బలిపూజలో ప్రసంగం గురువులు, వారి కింది పదవిలో ఉండే డీకన్లే చేయాలి. కానీ 1970లో అదే సభ ఆవిలా తెరేసాను, సియన్నా కేథరీన్‌ను సభ పండితులుగా, అంటే సభ మొత్తానికీ బోధ అందించిన పునీతులుగా ప్రకటించింది. అంటే బోధించే వరాన్ని, పదవిని వేరు చేసి చూసినట్టే. సాల్వేషన్ ఆర్మీ అనే ప్రొటెస్టెంట్ సంఘంలో తొలినుంచీ స్త్రీలు ప్రసంగిస్తున్నారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో మొదటి మహిళా గురువులు 1994లో, మొదటి మహిళా బిషప్ 2015లో వచ్చారు. ఇదంతా కాలంతోపాటు ఒకే వైపు సాగుతోందనుకోవడమూ తప్పే. లాత్వియా లూథరన్ సంఘం 2016లో స్త్రీలకు ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) లేదని తన నియమావళిలోనే రాసుకుంది.

సంఘాన్ని నడిపించే పాస్టర్ పదవి విషయంలో అభిప్రాయభేదం ఉందంటే నాకు అర్థమవుతుంది. ప్రసంగాన్నే ఆపడం మాత్రం నేను ఒప్పుకోలేను. అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు పాస్టర్ పదవి పురుషులకేనని 2000లో తమ విశ్వాస ప్రకటనలో రాసుకున్నారు. వారిలో చాలా సంఘాలు ఆదివారం పుల్పిట్‌ను కూడా పురుషులకే ఉంచాయి. అయితే విదేశీ మిషన్ పని కోసం వారు ఏటా క్రిస్మస్‌కు పట్టే కానుక లాటీ మూన్ పేరు మీదే ఉంటుంది. ఆమె 1873లో చైనా వెళ్లి, 1912లో చనిపోయేదాకా సువార్త చెప్పిన మిషనరీ. అలాంటి స్త్రీ వాక్యం పరాయి దేశంలో వినవచ్చు, సొంత సంఘంలో ఆదివారం వినకూడదు అనడానికి లేఖనంలో నాకు ఆధారం కనిపించడం లేదు.