ఏ దారిన పీఠమెక్కారు?

మార్చి నెల వచ్చిందంటే మన సంఘాల పత్రికల్లోనూ వాట్సాప్ బృందాల్లోనూ ‘తొలి మహిళ’ల జాబితాలు తిరగడం మొదలవుతుంది. ఆఫ్రికా ఖండం నుంచి వాటిలో తప్పక కనిపించే పేరు లైబీరియాకు చెందిన ఎలెన్ జాన్సన్ సిర్‌లీఫ్. 2005 ఎన్నికల్లో గెలిచి, మరుసటి జనవరిలో ప్రమాణ స్వీకారం చేసిన ఆమె, ఆ ఖండంలో ప్రజలు ఓటు వేసి ఎన్నుకున్న తొలి మహిళా దేశాధ్యక్షురాలు. జాబితాలు వేయడాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ స్త్రీ పీఠం దాకా ఏ దారిన వచ్చింది, వచ్చాక ఎవరి అండతో నిలబడింది, ఎవరు తలచుకుంటే దిగిపోవలసి వచ్చేది అన్న సంగతులు అవి చెప్పవు. ఆఫ్రికా దేశాల అనుభవంలో మనం నేర్చుకోదగినదంతా ఈ ప్రశ్నల దగ్గరే ఉందని నా అభిప్రాయం.

టాంజానియా సంగతే తీసుకుందాం. 1926లో దార్ ఎస్ సలామ్‌లో పుట్టిన బీబీ టీటీ మొహమ్మద్ నాలుగో తరగతికి మించి చదువుకోలేదు. ఆమెకు పేరు తెచ్చింది గొంతు. వేడుకల్లో ఆడిపాడే న్గోమా బృందాల్లో ఆమె ప్రధాన గాయని. జూలియస్ న్యెరేరే నాయకత్వంలో స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న టాను పార్టీ 1955లో మహిళా విభాగం పెట్టదలచి ఆ బాధ్యతను ఆమెకు అప్పగించింది. ఆమె తనకు తెలిసిన పాటల బృందాల నాయకురాళ్ళను ఒక్కొక్కరినే కలిసి, వాళ్ళ బృందాలను మూకుమ్మడిగా పార్టీలో చేర్పించారు. టానులో చేరకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తన ఉద్యోగులను కట్టడి చేసిన ఆ రోజుల్లో, చదువుకున్న మగవాళ్ళు చాలామంది సభ్యత్వ కార్డు తీసుకోవడానికి జంకుతుంటే, పోగొట్టుకోవడానికి సర్కారు కొలువు లేని ఆడవాళ్ళు వేల సంఖ్యలో ముందుకు వచ్చారు. 1961లో వచ్చిన స్వాతంత్ర్యంలో వాళ్ళ వాటా తక్కువేమీ కాదు.

ఆ తర్వాతి కథ మాత్రం జాబితాల్లోకి ఎక్కదు. బీబీ టీటీ ఉపమంత్రి అయ్యారు. 1965 ఎన్నికల్లో ఓడిపోయారు. నాయకులు ఇళ్ళు అద్దెకివ్వకూడదన్న 1967 నాటి అరూషా ప్రకటన (టాను సామ్యవాద విధాన పత్రం) నిబంధనను ఒప్పుకోలేక పార్టీ పదవి వదులుకున్నారు. 1969లో దేశద్రోహం ఆరోపణపై అరెస్టై, యావజ్జీవ శిక్ష పడి, 1972లో క్షమాభిక్షతో బయటికి వచ్చారు. ఇప్పుడు దార్ ఎస్ సలామ్‌లో ఒక ప్రధాన రహదారికి ఆమె పేరే. జైలుకు పంపిన పాలకుల వారసులే వీధికి పేరు పెట్టడం లోకంలో కొత్తేమీ కాదనుకోండి.

అదే టాను వారసత్వంగా వచ్చిన పార్టీ తరఫున 2015లో ఉపాధ్యక్షురాలైన సామియా సులుహు హసన్, 2021 మార్చిలో అధ్యక్షుడు మగుఫులి మరణించడంతో దేశాధ్యక్షురాలయ్యారు. మొదటి రెండు మూడేళ్ళూ ఆశ కలిగించినవే. తల్లులైన బాలికలు మళ్ళీ బడికి రావచ్చన్నారు, ప్రతిపక్షాల సభలపై ఉన్న నిషేధం ఎత్తేశారు. మన పత్రికలతో సహా అందరూ మెచ్చుకున్నారు. 2025 ఎన్నికల నాటికి చూస్తే ప్రధాన ప్రతిపక్ష పార్టీకి పోటీచేసే అవకాశమే లేదు, దాని నాయకుడు టుండు లిస్సు దేశద్రోహం కేసులో జైల్లో ఉన్నారు, పోలింగ్ రోజున ఇంటర్నెట్ ఆగిపోయింది, వీధుల్లో నిరసనకారులపై కాల్పులు జరిగాయి. అధికారిక ఫలితాల్లో ఆమెకు 97 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. బీబీ టీటీ మీద ఏ నేరం మోపారో అదే నేరం ఒక మహిళ పాలనలో మరొకరి మీద మోపబడిందంటే, ‘తొలి మహిళ’ అన్న గౌరవాన్ని ఆమె పాలనకు యోగ్యతాపత్రంగా ఎంచడం ఎంత పొరపాటో వేరే చెప్పనక్కరలేదు. పురుషుడైన పాలకుణ్ణి ఏ కొలమానంతో కొలుస్తామో ఆమెనూ దానితోనే కొలవాలి. కొలవకపోతే అది ఆమెను చిన్నచూపు చూడడమే.

మలావీలో జరిగింది వేరు. జాయిస్ బండా 2009లో ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. అధ్యక్షుడు బింగు వా ముథారికా తన తర్వాత తమ్ముడిని నిలబెట్టే ప్రయత్నంలో ఆమెను పార్టీ నుంచి వెళ్ళగొట్టారు గానీ, ప్రజలు ఎన్నుకున్న ఉపాధ్యక్ష పదవి నుంచి తొలగించలేకపోయారు. 2012 ఏప్రిల్ 5న ఆయన గుండెపోటుతో మరణించారు. ప్రభుత్వం ఆ సంగతి బయటపెట్టలేదు. భౌతికకాయాన్ని చికిత్స కోసమన్నట్టు దక్షిణాఫ్రికాకు తరలించింది. మర్నాడు రాత్రి కొందరు మంత్రులు మీడియా ముందుకు వచ్చి, సొంత పార్టీ పెట్టుకున్న బండా అధ్యక్ష పదవికి అర్హురాలు కాదని ప్రకటించారు. ఆ మాట చదివి వినిపించిన సమాచార మంత్రి కూడా మహిళే. రాజ్యాంగం మాత్రం అధ్యక్షుడు మరణిస్తే ఉపాధ్యక్షుడే బాధ్యత చేపట్టాలని స్పష్టంగా చెబుతోంది. సైన్యాధిపతి ఆ వాక్యం పక్షాన నిలిచారు. ఏప్రిల్ 7న బండా ప్రమాణ స్వీకారం చేశారు. ఆ మూడు రోజుల్లో సైన్యం ఇంకోవైపు మొగ్గి ఉంటే మన జాబితాల్లో మలావీ పేరే ఉండేది కాదు. రెండేళ్ళకు, ఆమె హయాంలో బయటపడిన ఖజానా కుంభకోణం తర్వాత జరిగిన ఎన్నికల్లో ఆమె మూడో స్థానానికి పడిపోయారు. ఓడి దిగిపోవడంలోనూ ఒక ప్రజాస్వామ్య మర్యాద ఉందని నేను అనుకుంటాను.

దయతో వచ్చిన పదవి ఎంత పల్చనిదో తెలియాలంటే మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ చూడాలి. 1975లో నియంత బొకాసా ఎలిజబెత్ డొమిత్యెన్‌ను ప్రధానమంత్రిగా నియమించాడు. ఆఫ్రికాలో ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమె. అతడు సింహాసనం ఎక్కాలన్న ఆలోచనకు ఆమె తలూపకపోవడంతో 1976లో పదవి ఊడింది. ఇచ్చిన చెయ్యే లాగేసుకుంది.

రువాండాను ఇక్కడ విడిగా చెప్పుకోవాలి. రసాయనశాస్త్రం బోధించిన అగాథ్ ఉవిలింగియిమానా విద్యామంత్రిగా బడి ప్రవేశాల్లో జాతి ప్రాతిపదికన ఉన్న కోటాను రద్దుచేసి, 1993లో ప్రధానమంత్రి అయ్యారు. 1994 ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడి విమానాన్ని కూల్చేసిన తర్వాత, మర్నాడు రేడియోలో దేశ ప్రజలతో మాట్లాడాలన్న ఆమె సంకల్పం నెరవేరకుండానే సైనికులు ఆమెను కాల్చి చంపారు. కాపలా ఉన్న పదిమంది బెల్జియం శాంతిసైనికులూ హతులయ్యారు. పిల్లలు దాక్కుని బతికారు. టుట్సీ జాతిపై సాగిన నరమేధం ముగిశాక 2003 రాజ్యాంగం స్త్రీలకు కనీసం 30 శాతం స్థానాలు కేటాయించింది. 80 మంది సభ్యులున్న దిగువ సభలో 24 స్థానాలు పూర్తిగా మహిళలవే. 2008 నుంచి ఆ సభలో మహిళలే అధిక సంఖ్యాకులు. ప్రపంచంలో మరే పార్లమెంటూ అంతకుముందు ఆ ఘనత సాధించలేదు. భూమిహక్కు, వారసత్వం, గృహహింస వంటి అంశాలపై చట్టాలు వచ్చాయి, వాటి విలువ తక్కువ చేయలేం. అయినా అధ్యక్షుణ్ణి నిలదీసే స్వేచ్ఛ లేని సభలో సగానికి మించి ఆడవాళ్ళున్నా, మగవాళ్ళున్నా అసలు నిర్ణయాలు బయటే జరుగుతాయి.

ఈ మాట మన దగ్గరా వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే అయినా, కుర్చీలో ఆమె, పెత్తనం భర్తది అన్న ఫిర్యాదు ఇప్పటికీ వింటున్నాం. రెండు రాష్ట్రాల్లోనూ ఇంతవరకూ మహిళా ముఖ్యమంత్రి లేరు. చట్టసభల్లో మూడోవంతు స్థానాల కోసం 2023లో చేసిన రాజ్యాంగ సవరణను జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టారు. అమెరికాలోనో దుబాయిలోనో కూర్చుని ఆఫ్రికాను వెనుకబడిన ఖండమని తేలిగ్గా మాట్లాడే మనవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే మంచిది.

నమీబియాలో 2024 ఎన్నికల్లో గెలిచి, 2025 మార్చి 21న అధికారం చేపట్టిన నెటుంబో నాండి-న్డైత్వా దగ్గరికి వస్తే, ఆమె రాక ఎవరో చనిపోవడం వల్లనో యుద్ధం ముగియడం వల్లనో జరగలేదు. విముక్తి పోరాట కాలం నుంచి స్వాపో పార్టీలో పనిచేసి, మంత్రిత్వ శాఖలు నడిపి, ఉపాధ్యక్షురాలై, నేరుగా ఓటర్ల ముందుకు వెళ్ళారు. అంతకు పదేళ్ళకు పైగా ముందే ఆమె పార్టీ తన అభ్యర్థుల జాబితాలో ఒక పురుషుడి పేరు తర్వాత ఒక స్త్రీ పేరు వచ్చేలా నియమం పెట్టుకుంది. అక్కడ ఓటు పార్టీకి పడుతుంది, వచ్చిన ఓట్ల నిష్పత్తిలో జాబితా పైనుంచి కిందికి సీట్లు దక్కుతాయి. కాబట్టి గెలవని నియోజకవర్గం చూసి ఆడవాళ్ళకు అంటగట్టే వెసులుబాటు పార్టీ పెద్దలకు లేదు. ఇప్పుడు ఉపాధ్యక్షురాలు, దిగువ సభ స్పీకరు కూడా మహిళలే. ఆమె పాలన మంచిదో కాదో నిరుద్యోగ యువత చెప్పాలి. వచ్చే ఎన్నికల్లో ఆ పార్టీ ఓడినా, జాబితాలో ఒకరి తర్వాత ఒకరుగా ఎదిగి వచ్చిన స్త్రీలు ప్రతిపక్ష బెంచీల మీదా కనిపిస్తారు.