25 మిల్లీమీటర్ల పీట గారికి

మహారాజశ్రీ 25 మిల్లీమీటర్ల చదరపు బేసు గారి సమక్షానికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి మీ విధేయుడు చేయు నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. మీ మీద నిలబడే నా అస్థిపంజరాలు, అదే, వార్‌హామర్ అనే యుద్ధం ఆటలోని నా చిన్న బొమ్మలు, క్షేమం కావు. నలభైలో ఇరవై మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, మా డైనింగ్ టేబుల్ మీద, అరంగుళం తేడాతో రాలిపోయాయి.

ఆ అరంగుళం ఎవరిదో తమకు తెలుసు. అయినా చెబుతాను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఐదుగురు వరసలో, నాలుగు వరసలు. పాత ఇరవై మిల్లీమీటర్ల బేసుల మీద ఆ దళం ముఖం వెడల్పు 100 మిల్లీమీటర్లు. మీ దయవల్ల ఇప్పుడు 125. చూడ్డానికి పాతికే కదా అనిపిస్తుంది. కానీ దళం తిరగాలంటే ఒక మూలని నిలబెట్టి, రెండో మూలని తిప్పాలి. ముప్ఫై డిగ్రీలు తిరగడానికి పాత వెడల్పులో బయటి మూల 52 మిల్లీమీటర్లు నడిచేది. ఇప్పుడు 65 నడవాలి. ఒక వంతులో నావాళ్ల నడకే నాలుగు అంగుళాలు, అంటే 102 మిల్లీమీటర్లు. తిరగడానికే 65 తినేస్తే ముందుకు నడవడానికి మిగిలేది 37. తేడా 13 మిల్లీమీటర్లు. అరంగుళం!

కొండకీ అడవికీ మధ్య సందులోకి తిరిగి, తర్వాతి వంతులో దాడి చేయాలని నా పథకం. పాచికలు వేశాను. రెండింట్లో పెద్దది నాలుగు. నడక నాలుగూ, పాచిక నాలుగూ కలిపి ఎనిమిది. శత్రువు దాకా ఎనిమిదిన్నర. టేపు పెట్టి ముందే చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు. కానీ ఏళ్ల తరబడి ఈ కళ్లతోనే కొలుస్తున్నాను, ఆ కళ్లు ఇంకా 2011లో ఉన్నాయి.

ఎదురుగా మా కర్నూలు మామ. వాడి ఓర్కుల (రాక్షస బొమ్మల) పీటలూ 25 నుంచి 30కి పెరిగాయి. వాడికేం నష్టం? వాడు తిరగలేదు, నేరుగా వచ్చాడు. వచ్చి, "రూల్ రూలే మామా" అన్నాడు. ఎముకలు ఊడ్చి డబ్బాలో పోసుకున్నాను.

అసలు సంగతి ఇదీ. ఈ ఆటలో బొమ్మ వట్టి అలంకారం. వారం రోజులు కూర్చుని కనుగుడ్డు దాకా రంగులేసిన బొమ్మని ఆట చూడనే చూడదు. దూరం కొలిచేది మీ అంచు నుంచి. ఎంతమంది పోట్లాడాలో తేల్చేది మీ వెడల్పు. సందులో పడతామో లేదో చెప్పేది మీరు. పీటే పెళ్లికొడుకు, పైనున్నవాడు బాసికం.

ఇక మీ గుండ్రటి తమ్ముళ్ల సంగతి. 1983లో పుట్టిన వార్‌హామర్ ఫాంటసీ ఆటని కంపెనీవాళ్లు 2015లో మూసేసి, దాని బదులు ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే ఆట తెచ్చారు. చదరాలు పోయి గుండ్రాలు వచ్చాయి. మొదట్లో అయితే దూరం బేసు నుంచి కాదు, బొమ్మ నుంచే కొలవమన్నారు. ఒకడి బేసు మీద ఇంకొకడు ఎక్కి నిలబడ్డా చెల్లింది, అన్‌రిజర్వుడు బోగీలో లాగా. తర్వాత మళ్లీ బేసుకే వచ్చారు. అక్కడో ముచ్చట ఉండేది. ఆయుధం అందే దూరం అంగుళమైతే, 25 గుండ్రం మీదున్నవాళ్లు రెండు వరసల్లో పోట్లాడగలిగేవారు. 32 మీద నిలబడ్డ పాపానికి వెనక వరస చేతులు కట్టుకు చూసేది. అంగుళం అంటే 25.4 కదా, ఆ 0.4 పుణ్యం.

అప్పుడు బేసులు మార్చడానికి నావాళ్ల పాదాలు మొదటిసారి నరికాను. ఇరవై చదరం నుంచి 25 గుండ్రానికి. 2024 జనవరిలో పాత ఆటే ఓల్డ్ వరల్డ్ పేరుతో తిరిగొచ్చింది, మేమిప్పుడు ఆడేది అదే, చదరాలు మళ్లీ వచ్చాయి. పాత ఇరవైలకి 25, పాత పాతికలకి 30. మామ బలవంతం మీద పోయిన నెల రెండోసారి నరికాను. 25 గుండ్రం నుంచి 25 చదరానికి. అంకె అదే, పాదాలు మాత్రం మళ్లీ పోయాయి. అస్థిపంజరం చీలమండ ఎంతుంటుందో తమకు తెలియదు కాబోలు. అగ్గిపుల్లలో సగం.

కింగ్స్ ఆఫ్ వార్ అనే ఇంకో బొమ్మల యుద్ధం ఆడేవాళ్లని చూస్తే కుళ్లు. ఇరవైమంది దళానికి 100 బై 80 పలక ఒకటి. ఎవడూ విడిగా చావడు, పలక మొత్తం ఉంటుంది లేదా పోతుంది. వాళ్లకి ఆదివారాలు ఉన్నాయి.

మీ కోసం ఒక శనివారం ఎస్పీ రోడ్డు సందుల్లో ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి పలక) కోసే కొట్టుకి వెళ్లాను. ఆయన డ్రాయింగ్ చూసి "ఇష్టు చిక్కదా సార్?" అన్నాడు, ఇంత చిన్నవా అని. ఎందుకో చెప్పడానికి నా కన్నడం చాలలేదు, తెలుగూ చాలేది కాదు. సరే, ముక్కలు బాగానే వచ్చాయి. తప్పు నాదే. పక్క సైటులో ఇసుక దొరికింది కదా అని ఫెవికాల్ రాసి అంచుల దాకా అద్దాను. ఆరాక ఒక్కొక్కటీ అర మిల్లీమీటరు ఉబ్బింది. ఐదు కలిస్తే 127న్నర. దళాన్ని నిలబెట్టి జరిపే ట్రే లోపలి కొలత 126. ఆట మొదలయ్యే ముందు గంటసేపు గరుకు కాగితంతో మీ పిర్రలు గీకుతూ కూర్చున్నానురా దరిద్రుడా! వేలెడంత లేవు, వేలుగోరంత ఉన్నావు, నీకు ఇంత అహంకారమా?

అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి చూసింది. "కొలువులో కొండపల్లి బొమ్మల్ని మెట్ల మీద పెడతాం, ఏ బొమ్మా ఇంకో బొమ్మని తోయదు. మీ పీటలకే ఎందుకురా ఈ తగువు?" అంది. ఎండబెట్టిన టీ పొడి ఎక్కడ పెట్టావమ్మా అని అడిగాను, బేసుల మీద రాలిన ఆకుల కోసం. ఆ పొడిని పొద్దునే గులాబీ కుండీలో వేసేసిందట.

రాత్రి పాత ఇరవైలని పారేద్దామని బయటికి తీశాను. తిరగేస్తే అడుగున నా చేతిరాత. 1 నుంచి 40 దాకా అంకెలు. ఎవడి ఈటె ఎవడి పుర్రెకి తగలకుండా ఎవడి పక్కన ఎవడు నిలబడాలో హాస్టల్ గదిలో రాత్రంతా తేల్చి వేసుకున్న నంబర్లు. 17 పక్కన 18 నిలబడడు, 31 నిలబడతాడు. ఇప్పటికీ అంతే, నిన్న చూశాను. హార్లిక్స్ సీసాలో పోసి మూత పెట్టాను. వచ్చే ఎడిషన్‌లో ఏం కొలత అంటారో ఎవడికి తెలుసు.

ఇట్లు,
తమ అడుగున నంబర్లు వేసిన విధేయుడు

తా.క.: ఆదివారం మళ్లీ ఆట ఉంది. 38 నంబరువాడి కుడిపాదం ఇంకా సరిగ్గా అతుక్కోలేదు. కాస్త గట్టిగా పట్టుకో.