కాంట్రాక్ట్ పెళ్లి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాంట్రాక్ట్ పెళ్లి గారి సముఖమునకు,

షరతులు రాసుకుని ఉత్తుత్తి పెళ్లి చేసుకునే తమరి కథల్ని ఫోన్ యాప్‌లలో రోజుకో భాగం చొప్పున చదివే సీరియళ్ల పాఠకులు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు మూడొందల భాగాలు దాటినా ఇంకా శోభనం గది గుమ్మం దగ్గరే ఉన్నారని తెలిసి సంతోషించాం.

మాఫియా హీరోలొచ్చారు, పునర్జన్మలొచ్చాయి, ఇంగ్లిష్‌లో డ్రాగన్లెక్కి తిరిగే ప్రేమజంటలూ వచ్చాయి. తమరు మాత్రం గద్దె దిగలేదు. ఆ డ్రాగన్ల రాజ్యంలో సైతం సంధి పేరు చెప్పి రాకుమార్తెను శత్రురాజుకి కట్టబెడుతున్నది తమరేగా! ఫోన్‌లో నిలువుగా చూసే రెండు నిమిషాల చైనా మైక్రోడ్రామాల్లోనూ తమరి హవా తక్కువేం కాదు.

తమరి పుట్టుక సంగతి చూద్దాం. హీరోయిన్ నాన్నకి గుండె ఆపరేషన్. ఇరవై లక్షలు, తెల్లారేలోపు కట్టాలి. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని ఆంధ్రలో 25 లక్షలకీ, తెలంగాణలో 10 లక్షలకీ పెంచారు. కథ విజయవాడలో జరిగితే ఆ అమ్మాయి తెల్లకార్డు తీసుకుని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్తుంది, తమరు పురిట్లోనే పోతారు. తమరి హీరోయిన్లలో ఎక్కువమంది హైదరాబాద్‌లోనే ఎందుకుంటారో ఇప్పుడర్థమైంది. ఇక హీరో సీఈఓ. ఏ కంపెనీకని అడక్కూడదు. ఫైలు విసిరికొట్టడం తప్ప ఆఫీసులో ఆయన చేసే పనేమిటో మాకింతవరకూ తెలీదు.

తర్వాత ఆ వంద రూపాయల స్టాంపు పేపరు. "ఏడాది కాపురం, ఆపైన విడాకులు." 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ కింద ఇలాంటి ఒప్పందం చెల్లదు. పెళ్లికి ముందే విడాకులు మాట్లాడుకోవడం ప్రజానీతికి విరుద్ధం. పోనీ విడాకులైనా సులువా? హిందూ వివాహ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పెళ్లైన ఏడాదిలోపు మామూలుగా పిటిషనే తీసుకోరు. ఇద్దరికీ అంగీకారమైతే అదే చట్టంలోని 13బి సెక్షన్. దానికి ఏడాది పాటు విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలలు కోర్టు తలుచుకుంటే మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

"విడిగా" అంటే వేరే ఇల్లే అక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా మెలగకపోతే చాలని 1991లోనే సురేష్టా దేవి కేసులో అదే కోర్టు తేల్చింది. అంటే మంచం మధ్యన తమరు పెట్టించే ఆ దిండు ఉత్త దిండు కాదు, పిటిషన్‌కి ఆధారం. నూట పన్నెండో భాగంలో కరెంటు పోయి, ఉరిమి, ఆ దిండు కాస్తా కిందపడిందా, ఏడాది లెక్క మళ్లీ ఒకటి నుంచే!

రచయితల కష్టం మాకు తెలుసు. భాగానికి వెయ్యి పదాలు, రోజుకో భాగం, ఆపైన తర్వాతి భాగానికి యాప్ వేసే తాళం, ఆ తాళం తీయడానికి మేం డబ్బిచ్చి కొనే నాణేలు. "ప్రేమలో పడకూడదు" అన్న మూడో షరతు బతికున్నంతవరకే తాళం తీసేవాళ్లుంటారు. అది తెగితే కథ చప్పబడుతుంది. అందుకే హీరోకి జ్వరమొస్తే తడిగుడ్డ ఆరేలోపు ఆరు భాగాలవుతాయి. ఇద్దరూ దగ్గరైనప్పుడల్లా అమెరికా నుంచి పాత ప్రియురాలు దిగుతుంది. ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే అపార్థం ముప్ఫై భాగాలు నడుస్తుంది. బీరువాలో పట్టుచీరల కింద దాచిన ఒప్పందం కరెక్టుగా అత్తగారి కాళ్ల మీదే పడుతుంది. తాళం వేసే తెలివి యాప్‌కి ఉంది గాని, బీరువా ఉన్న ఆ సీఈఓకి లేదు.

తమరికి పోటీ కూడా మొదలైంది. కొత్త కథల్లో హీరోయిన్ మొదటి భాగంలోనే విడాకుల కాగితం మీద సంతకం పెట్టి సూట్‌కేసు పట్టుకుని వెళ్లిపోతోంది. మిగతా భాగాలన్నీ హీరో ఏడుపే.

అయినా తమర్ని వదలం. తాళి ముందు, ప్రేమ తర్వాత అనేది మన ఇళ్లలో పాత పద్ధతే, తమరు దానికి సూటు తొడిగారంతే. కానీ ఆ స్టాంపు పేపరు మీద రెండో షరతు ఉంటుంది చూడండి: "అనుమతి లేకుండా ఒకరి గదిలోకి ఒకరు రాకూడదు." పెద్దలు కుదిర్చిన ఏ పెళ్లి శుభలేఖలోనూ మాకది కనపడలేదు. మేం నాణేలు పోస్తున్నది దానికే.

ఇట్లు,
తాళం దగ్గర ఆగిపోయిన పాఠకులు

తా.క.: ఆ దిండు ఉతికించకండి. ఫ్యామిలీ కోర్టులో అడగొచ్చు.