‘పర్వాలేదు’ అని రాసుకుంటే సరిపోదు

పెద్ద జబ్బు చేస్తే నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు జనం చెన్నై రైలెక్కడం తరాలుగా ఉన్నదే. చెన్నై వైద్యం మీద ఆ నమ్మకం ఊరికే రాలేదు. కానీ వార్డులో చేర్చుకునేటప్పుడు నర్సు చేసే తొలి పరిశీలన చాలాచోట్ల ఎవరొచ్చినా అదే ఫారం, అవే ప్రశ్నలు. ఈ పద్ధతి మారాలి.

సూళ్లూరుపేట నుంచి వచ్చిన 70 ఏళ్ల పెద్దావిడను ‘నొప్పి పదిలో ఎంత?’ అని తమిళంలో అడిగితే ఏం చెబుతుంది? కొడుకు మొహం చూస్తుంది. ‘పర్వాలేదంటోంది సిస్టర్’ అని అతనే జవాబిస్తాడు. ఫారంలో రెండు పడుతుంది. ఆవిడ పక్కకు ఒత్తిగిలడానికే భయపడుతోందని, దగ్గినప్పుడల్లా పొట్ట పట్టుకుంటోందని ఎక్కడా నమోదు కాదు. మూత్రం ఆగడం లేదన్న సంగతి కొడుకు ముందు అసలు నోరు దాటదు.

ముసలివారిలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటమే తొలి గుర్తు కావచ్చు. అలాంటప్పుడు ‘మొన్నటిదాకా ఎలా ఉండేవారు?’ అని ఇంటివాళ్లనే అడగాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు, ఆయాసం, చెమటలే కనిపిస్తాయి. మాటలు రాని పిల్లల కోసం ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం చూసి ఒక్కోదానికి రెండు వరకు మార్కులు వేసి నొప్పిని కొలిచే ఫ్లాక్ స్కేల్ 1997 నుంచీ ఉంది. ఒంటి రంగు ముదురుగా ఉంటే ఆక్సిజన్ తగ్గి చర్మం నీలిబారినా తెలియదు, పెదవి లోపల, కంటి రెప్ప లోపల చూడాలి. పల్స్ ఆక్సీమీటర్ కూడా అలాంటివారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చూపొచ్చు.

ఇవి నర్సులకు తెలియనివి కావు. ఒక్కరికే అన్ని మంచాలు అప్పగిస్తే నిలబడి మాట్లాడే తీరిక ఎక్కడిది? వారిని తప్పుపట్టడం అన్యాయం. నర్సుల సంఖ్య పెంచాల్సింది ప్రభుత్వం, యాజమాన్యాలే.

అందాకా ఆగక్కర్లేని పనులూ ఉన్నాయి. తెలుగు మాట్లాడే సిబ్బంది చెన్నై ఆసుపత్రుల్లో కరువేమీ కాదు. ఏ షిఫ్టులో ఎవరున్నారో డ్యూటీ చార్టులో రాసిపెట్టాలి. రోగి మాట్లాడే భాష, చూపు, వినికిడి ఫారం మొదట్లోనే నమోదు చేయాలి. నొప్పి తెలిపే ముఖాల బొమ్మల కార్డు ప్రతి మంచం దగ్గరా ఉంచాలి. బంధువులను కాసేపు బయట కూర్చోబెట్టి రోగితో విడిగా మాట్లాడటాన్ని చేర్చుకునే పద్ధతిలోనే భాగం చేయాలి.