లక్నవరం వంతెన మీద పంచాయితీ

(లక్నవరం చెరువు. వేలాడే వంతెన మొదట్లనే రిటైరైన ఫిజిక్స్ సారు వెంకటయ్య ఆగిపోయిండు. సుగుణమ్మ అప్పటికే పది అడుగులు ముందటున్నది.)

సుగుణమ్మ: ఏందయ్యా, ఆడ్నే పాతుకపోయినవ్?

వెంకటయ్య: చెరువు చూస్తున్ననే. గణపతిదేవుని కాలంది, ఎరికేనా? పదమూడో శతాబ్దం...

సుగుణమ్మ: మొదలువెట్టిండు! పొద్దుగాల రామప్ప కాడ గూడ గింతే. నీళ్లల్ల తేలే ఇటుకలు, 1213, ఇసుక పునాది అని గంటసేపు చెప్తివి. గైడే నీ ముందట కూసొని ఇన్నడు పాపం.

వెంకటయ్య: ఇసుక మీది గుడి ఎనిమిది వందల ఏండ్లు నిలిచింది. ఇది తీగల మీద వేలాడుతున్నది. తేడా లేదా?

సుగుణమ్మ: భయమైతుందని చెప్పరాదు?

వెంకటయ్య: భయం కాదే, సైన్సు. మన బరువు ఈ నిలువు తీగలకెళ్లి మీది పెద్ద తాడుకు పోతది. తాడుకెళ్లి కంబాలకు...

సుగుణమ్మ: కంబం మోస్తుంటే నీకేం బరువైంది?

వెంకటయ్య: అసలు సంగతి ఊగుడు! 1831ల ఇంగ్లాండుల, బ్రాటన్ కాడ, సిపాయిలు అడుగుల అడుగు కలిపి నడిస్తే ఇసొంటి వంతెనే కూలింది. అప్పట్నుంచి వంతెన ఎక్కంగనే అడుగు తప్పిచ్చి నడువుమని సిపాయిలకు ఆర్డరు.

సుగుణమ్మ: నలభై ఏండ్ల సంసారంల మనం ఒక్కనాడన్న అడుగు కలిపినమా? మనతోని దీనికేం గండం లేదు, రా!

(వెనుకకెళ్లి పిల్లగాండ్ల గుంపు ఉరుక్కుంట వచ్చింది. వంతెన ఊగింది. సారు కండ్లు మూసుకున్నడు.)

వెంకటయ్య: ఓ సుగుణా! వాపస్ పోదామే. గేటు బయట చేపల ఫ్రై చల్లగైతది!

సుగుణమ్మ: అవి ఇంక చెరువులనే ఈదుతున్నయ్. ముందు దాటు. అటు పోయి, ఇటొచ్చినంకనే చేప.

వెంకటయ్య: అంటే రెండుసార్లా!

(గంట తర్వాత. గేటు బయట బల్ల మీద వేడివేడి చేప ముక్కలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. సారు ఫోన్ల బిడ్డతోని మాట్లాడుతున్నడు.)

వెంకటయ్య: మస్తున్నది బిడ్డా! మీ అమ్మనే జర భయపడ్డది. నేనే దాటిచ్చిన, పోయేటప్పుడు, వచ్చేటప్పుడు. మనం చెప్తే ఇంటదా?

సుగుణమ్మ: ఆ ఫోను ఇటియ్యి... బిడ్డా, మీ నాయినకు నువ్వన్న చెప్పు. ఇప్పటికన్న నా కొంగు విడువుమను. చేతులు కడుక్కొనొస్త.