కొలువుల కోత కన్నా గంటల కోత మేలు

ఆర్డర్లు అయిదో వంతు పడిపోతే, యాభై మంది పనిచేసే కర్మాగారంలో పదిమందిని ఇంటికి పంపడమొక్కటే దారా? కాదని కాలిఫోర్నియా 1978లోనే ‘వర్క్ షేరింగ్’ (పని పంచుకునే) పథకంతో తేల్చింది. యాభై మందీ అయిదు రోజులకు బదులు నాలుగు రోజులే పనిచేస్తారు. పోయిన రోజుకు నిరుద్యోగ బీమా నిధి కొంత ఇస్తుంది. వారానికి 1,000 డాలర్లు తెచ్చుకునే కార్మికుడికి అక్కడి గరిష్ఠ భృతి 450 డాలర్లు. పని 20 శాతం తగ్గితే అందులో 20 శాతం, అంటే 90 డాలర్లు వస్తాయి. జీతం 800తో కలిపితే 890. ఉద్యోగమే ఊడితే చేతికొచ్చేది 450.

ఇంత తేలికైన లెక్క యజమానుల చెవిన పడటం లేదు. దరఖాస్తు కార్మికుడు పెట్టుకునేది కాదు, యజమానే పెట్టాలి. 2020లో కరోనా సాయానికి తెచ్చిన కేర్స్ చట్టం కింద ఈ భృతి భారం ఫెడరల్ ప్రభుత్వమే మోసినా ముందుకొచ్చిన సంస్థలు కొద్ది. అదే ఏడాది ఏప్రిల్‌లో జర్మనీలో దాదాపు 60 లక్షల మంది ఇలాంటి పథకంతోనే కొలువులు నిలుపుకున్నారు.

ప్రచారం చేసే అధికారులు తీపి కబుర్లతో సరిపెట్టకూడదు. గంటల కోత 10 శాతం కన్నా తక్కువైనా, 60 శాతం దాటినా ఆ వారం ఈ భృతి లేదు. యూనియన్ ఉంటే దాని సంతకం తప్పనిసరి. ఆరోగ్య బీమా మునుపటిలాగే సాగాలి కాబట్టి ఆ ఖర్చు తగ్గదు. ఇచ్చిన భృతిని బీమా నిధిలో యజమాని పేరిటే ఖర్చు రాస్తారు, రేపు అతని బీమా పన్ను రేటు పెరగొచ్చు. పదిమందిని తీసేసినా జరిగేది అదే అనుకోండి. అసలు చిక్కు కాగితాల దగ్గరే. ఎవరి గంటలు ఎన్ని తగ్గాయో వారాలవారీగా యజమాని ధ్రువీకరించాలి. జీతాల గుమాస్తా ఆలస్యం చేస్తే కార్మికుల డబ్బు ఆగుతుంది, పథకం మీద నమ్మకం మొదట్లోనే సడలుతుంది. హెచ్-1బీపై ఉన్న మనవాళ్ల గంటలు తగ్గించాలంటే ముందు వీసా పిటిషన్ సవరించాలి. న్యాయవాదిని అడగకుండా వారి పేర్లు జాబితాలో ఎక్కించకూడదు.

తొలగింపు లేఖలు సిద్ధమయ్యాక చెబితే వినేవారుండరు. కాలిఫోర్నియాలో 75 మంది, ఆపైన పనిచేసే సంస్థలు మూకుమ్మడి తొలగింపులకు వార్న్ (ముందస్తు నోటీసు) చట్టం ప్రకారం 60 రోజుల ముందు నోటీసివ్వాలి. అది అందిన రోజే అధికారి ఫోన్ చేయాలి. చిన్న సంస్థలకు ఆ బాధ్యత లేదు గనుక, మూడు నెలలకోసారి కట్టే బీమా పన్ను కాగితాలతోనే పై లెక్కను ఒక్క పేజీలో పంపాలన్నది మా సూచన.

మన దేశంలో అలాంటి నిధి లేదు. యాభై మంది, ఆపైన ఉన్న కర్మాగారంలో లేఆఫ్ చేస్తే, అంటే పని లేక కొన్నాళ్లు ఆపితే, మూలవేతనం, డీఏలలో సగం యజమానే భరించాలి. నిరుద్యోగ భృతి ఇచ్చే ఈఎస్ఐ అటల్ పథకం పని పూర్తిగా పోయినవారికే. గంటలు తగ్గినవారికీ దాన్ని వర్తింపజేస్తే జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న షెడ్డు యజమాని చేయి తిరిగిన పనివాణ్ని వదులుకోనక్కర్లేదు. ఎవరి జీతమెంతో, చందా ఎంతో ఈఎస్ఐ దగ్గర ఇప్పటికే ఉంది.